తీగ కట్టిన చోట కాండం ఉబ్బింది, ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఎందుకు?

చిగురుటాకు · శనివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. ఆరేళ్ల కిందట ఒక పొగడ మొక్క నాటాను. గాలికి వాలిపోతోందని పక్కన కర్ర పాతి, ఇనప తీగతో కాండాన్ని దానికి కట్టాను. కర్ర ఎప్పుడో పుచ్చి విరిగిపోయింది. తీగ సంగతి పూర్తిగా మర్చిపోయాను. నిన్న చెట్టు మొదట్లో గడ్డి పీకుతుంటే చేతికి తగిలింది. చాలావరకు బెరడులోకి దిగబడిపోయింది. తీగకి పైన కాండం కింది పెదవిలా ఉబ్బి తీగ మీదికి జారుతోంది. కింద మాత్రం సన్నగానే ఉంది. టేపు పెట్టి కొలిస్తే పైన చుట్టుకొలత 22 సెంటీమీటర్లు, కింద 17.

నాకు అర్థం కానిది ఇది. గొంతు పిసికినట్టే కదా, మరి నీళ్లు పైకి ఎలా పోతున్నాయి? ఒక్క ఆకు కూడా వాడలేదు. ఒకవేళ నీళ్లు ఆగితే తీగకి కింద ఉబ్బాలి గాని పైన ఉబ్బిందేమిటి?

ఇంకో వింత. ఆ రోజు మోకాలికి కాస్త పైన కట్టాను. చెట్టు ఇప్పుడు నా ఎత్తుకి రెండింతలైంది, తీగ మాత్రం ఆ ఎత్తులోనే ఉంది.

పంపుమెకానిక్ · శనివారం, ఉదయం 8:32

చెట్ల గురించి నాకు తెలిసింది సున్నా. పైపుల లెక్క మాత్రం చెప్తాను. పారే పైపుని నొక్కితే సరుకు పేరుకునేది వచ్చే వైపే, వెళ్లే వైపు కాదు. ఉబ్బు పైన ఉందంటే ఏదో పైనుంచి కిందికి వస్తూ అక్కడ ఆగిపోతోంది. అది నీళ్లు కాదు. నీళ్లు ఇంకో దారిన పోతున్నాయి.

రేపే_పరీక్ష · శనివారం, ఉదయం 8:50

పంపు అన్న కరెక్ట్! ఇది మా సిలబస్‌లోనిదే. దారువు నీళ్లని పైకి తీసుకెళ్తుంది, పోషక కణజాలం ఆహారాన్ని కిందికి తెస్తుంది. దారువు లోపల, పోషక కణజాలం బయట బెరడుకి ఆనుకుని ఉంటుంది. తీగ బయటదాన్ని నొక్కింది. లోపలిది గట్టి చెక్క కాబట్టి నొక్కుకుపోలేదు.

తీగ ఎత్తు మారకపోవడానికి కారణం: పొడవు పెరిగేది కొనల్లోని అగ్ర విభాజ్య కణజాలం (కొత్త కణాలు పుట్టించే భాగం) వల్ల. మధ్యలో కాండం లావెక్కుతుందే గాని పొడవు సాగదు. మేకు కొట్టినా వందేళ్లకి అక్కడే ఉంటుంది.

పాతలెక్చరర్ · శనివారం, ఉదయం 10:15

బాగా చెప్పావు తమ్ముడూ. "కిందికి తెస్తుంది" అన్న ముక్క దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది, దానికి తర్వాత వస్తాను.

చిగురుటాకు గారూ, మీరు తెలియక చేసినదాన్ని 17వ శతాబ్దంలో ఇటలీలో మార్సెల్లో మాల్పీగీ తెలిసే చేశాడు. కాండం చుట్టూ బెరడుని ఉంగరంలా ఒలిచి ఏమవుతుందో చూశాడు. మీ చెట్టుకి అయినట్టే అయింది: గాటుకి పై అంచు ఉబ్బింది, ఆకులు వాడలేదు. దారువు, పోషక కణజాలం అన్న పేర్లు అప్పటికి ఇంకా పుట్టలేదు.

కాండాన్ని అడ్డంగా కోసి బయటినుంచి లోపలికి రండి. ముందు చచ్చిన బెరడు. దాని కింద తడిగా, మెత్తగా పలచని పొర, అదే పోషక కణజాలం. దాన్ని దాటాక కంటికి ఆనని ఒకటి రెండు వరుసల కణాలు, వాటి పేరు కేంబియం. అది విభజన చెందుతూ లోపలివైపు దారువుని, బయటివైపు పోషక కణజాలాన్ని పుట్టిస్తుంది. ఇక మిగిలిన చెక్కంతా దారువే. గోటితో కొమ్మ బెరడు లాగితే జారుగా ఊడి వస్తుందే, ఊడేది ఈ కేంబియం దగ్గరే. అంటే బెరడు లాగిన ప్రతిసారీ మన చేతికి వచ్చేది ఆహారం దారి, చెట్టుకి మిగిలేది నీళ్ల దారి.

ఆకులు పచ్చగా ఉన్నాయని నిశ్చింతగా ఉండకండి. ఇప్పుడు ఆకలితో ఉన్నది ఆకు కాదు, వేరు. వేరు తనంతట తాను ఆహారం చేసుకోలేదు. దాచుకున్న పిండిపదార్థం మీద నెట్టుకొస్తుంది. అది అయిపోయాక కొత్త వేర్లు రావు, మూలకేశాలు రావు, నీళ్లు పీల్చడం తగ్గుతుంది. ఆకు వాడేది అప్పుడే. దానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు.

కుండీలక్క · శనివారం, ఉదయం 10:40

మాస్టారు చెప్పిన పనే మేం గాలి అంటు కట్టేటప్పుడు కావాలని చేస్తాం. రెండు వేళ్ల మేర బెరడు ఉంగరంలా తీసేసి, కింద పచ్చ పొర మిగలకుండా గీకి, తడిపిన నాచు చుట్టి కవరు కడతాం. వేర్లు గాటు పై అంచు నుంచే వస్తాయి, కింది అంచు నుంచి ఎప్పుడూ రావు. ఇన్నేళ్లుగా చేస్తున్నాను, ఎందుకని మాత్రం ఇప్పుడే తెలిసింది.

తీగ ఇవాళే తీసెయ్యండి. ఒక్కసారిగా లాగొద్దు, బెరడు చీలుతుంది. బయటికి కనిపించే చోట్ల ముక్కలుగా కత్తిరించి, సులువుగా వచ్చినంత తీయండి. లోతుగా మునిగిపోయిన ముక్క ఉంటే వదిలెయ్యండి. కెలికితే తీగ కన్నా మీరే ఎక్కువ నష్టం చేస్తారు.

చిగురుటాకు · శనివారం, సాయంత్రం 5:25

తీశాను. కటింగ్ ప్లేయర్ మొన బెరడుకీ తీగకీ మధ్య దూరడానికే అరగంట పట్టింది. నాలుగు ముక్కలు వచ్చాయి, ఒకటి రాలేదు, వదిలేశాను. గాడిలో బెరడు నల్లగా, ఎండిన తోలులా ఉంది. గోటితో గీకుతూ చుట్టూ వచ్చాను. నలుపు, నలుపు, గోధుమ రంగు... ఒక పక్క మాత్రం మూడు వేళ్ల వెడల్పున పచ్చగా, తడిగా తగిలింది. తీగ మెలి తిప్పిన చోటు అది, అక్కడ కాస్త వదులుగా ఉండి ఉంటుంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

పాతలెక్చరర్ · శనివారం, సాయంత్రం 6:00

మూడు వేళ్లుంటే చాలు, చెట్టు బతికే అవకాశం బాగానే ఉంది. ఆ ముక్క కూడా లేకపోతే వంతెన అంటు కట్టాల్సి వచ్చేది. అదే చెట్టు పుల్లలని గాయానికి పైన ఒక కొస, కింద ఒక కొస బెరడు కిందికి దూర్చి, కేంబియానికి కేంబియం ఆనేలా బిగించడం. పుల్ల తలకిందులు కాకూడదు. మీకు ఆ అవసరం రాలేదు. గాడికి రంగులు, మందులు పూయకుండా ఆరనివ్వండి.

చిత్రికబల్ల · శనివారం, రాత్రి 9:12

నాది చెక్కపని. మా భాషలో ఒక మాట. చెట్టు నడుమ ముదురు రంగులో ఉండేది చేవ, చుట్టూ పాలిపోయినట్టు ఉండేది లేత చెక్క. రెండూ దారువే అంటున్నారు కదా, మరి నీళ్లు పారేది దేంట్లో? పచ్చి దుంగ కోస్తే చాలా చెట్లలో తడి ఎక్కువగా కనిపించేది లేత చెక్కలోనే. పురుగు పట్టేదీ దానికే, చేవ జోలికి అంత తేలిగ్గా రాదు.

నడుమ మొత్తం తొర్ర పడిపోయి, మనిషి దూరేంత ఖాళీ ఉన్నా పైన నిండా ఆకులతో ఉండే చెట్లు చూశాను. అదే చెట్టుకి చుట్టూ గొడ్డలితో నాలుగు వేళ్ల లోతు గాటు పెడితే నిలువునా ఎండిపోతుంది. లోపల డొల్లయినా బతికేది పైపైన గాటుకి చస్తోంది, చిత్రం కాదూ.

పాతలెక్చరర్ · శనివారం, రాత్రి 9:40

మీ చెయ్యి చెప్పిందే నిజం. నీళ్లు పారేది లేత చెక్కలో. చేవ ఒకప్పటి దారువే, రిటైరైంది. దాని గొట్టాలు జిగురుతో, రంగు పదార్థాలతో మూసుకుపోయి ఉంటాయి. ఆ పదార్థాలే పురుగుకి విషం. లేత చెక్కలో బతికున్న మృదుకణాల్లో పిండి, చక్కెర నిల్వ ఉంటాయి కాబట్టి పురుగుకి అక్కడే విందు. మీరు చెప్పిన నాలుగు వేళ్ల గాటు బెరడుతో ఆగదు, ఆ లేత చెక్కనీ తెంపేస్తుంది. రెండు దార్లూ పోతాయి.

పంపుమెకానిక్ · ఆదివారం, ఉదయం 7:05

రాత్రంతా నిద్ర పట్టలేదండీ. ఆహారం కిందికి రావడం సరే, పల్లానికి పారుతుంది అనుకుందాం. నీళ్లు పైకి ఎక్కేదెలా?

నా సంగతి: నేలమీద పంపు పెట్టి బావిలోంచి నీళ్లు పీల్చాలంటే ఎంత ఖరీదైన పంపైనా 10.3 మీటర్లు దాటి లాగలేదు. అది పంపు లోపం కాదు. పైకి తోసేది బయటి గాలి ఒత్తిడి, దాని బలం అంతే. నిజానికి ఏడెనిమిది మీటర్లకే ఆయాసపడుతుంది. కాలిఫోర్నియాలో 115 మీటర్లు దాటిన రెడ్‌వుడ్ చెట్టు ఉందట. దానికి మోటారు ఎక్కడుంది?

రేపే_పరీక్ష · ఆదివారం, ఉదయం 7:30

కేశనాళికీయత అన్నా! సన్నని గొట్టంలో నీళ్లు వాటంతట అవే ఎక్కుతాయి.

పంపుమెకానిక్ · ఆదివారం, ఉదయం 7:48

లెక్క వేశా తమ్ముడూ. 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) వ్యాసం ఉన్న గొట్టంలో ఎక్కేది 60 సెంటీమీటర్లు. చిగురుటాకు గారి తీగ దాకా వస్తుంది, అంతే.

కుండీలక్క · ఆదివారం, ఉదయం 8:20

వేరే తోస్తుందేమో? తెల్లవారుజామున కొన్ని మొక్కల ఆకు అంచుల్లో నీటి బొట్లు వరుసగా ఉంటాయి. మంచు అనుకునేదాన్ని. మంచైతే ఆకంతా తడవాలి, ఇవి సరిగ్గా ఈనె చివర్లలోనే ఉంటాయి.

పాతలెక్చరర్ · ఆదివారం, ఉదయం 9:30

అక్క చూసింది బిందుస్రావం. రాత్రిపూట ఆకుల నుంచి ఆవిరి దాదాపు పోదు, వేరు మాత్రం లవణాలని లోపలికి గుంజుతూనే ఉంటుంది. వాటి వెంట ద్రవాభిసరణం వల్ల నీళ్లు చేరి పైకి తోస్తాయి. ఈ వేరు పీడనాన్ని 18వ శతాబ్దంలో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ ద్రాక్షతీగ మోడుకి గొట్టం తగిలించి కొలిచాడు. 1727లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఆ కొలతలున్నాయి. సాధారణంగా అది ఒకటి రెండు వాతావరణ పీడనాలకి మించదు. పైగా మిట్టమధ్యాహ్నం, చెట్టుకి నీళ్లు బాగా కావాల్సిన వేళ, దాదాపు ఉండదు. చిన్న మొక్కకి పనికొస్తుంది, మహావృక్షానికి చాలదు.

మోటారు పైనుంది పంపుగారూ. ఆకులో ఉంది. పీల్చిన నీళ్లలో నూటికి 97 పాళ్లకి పైగా పత్రరంధ్రాల గుండా ఆవిరైపోతాయి. ఆకు లోపలి కణాల గోడలు తడిసిన సన్నటి పీచులా ఉంటాయి. ఆ సందుల్లోంచి నీరు ఆవిరైనప్పుడు మిగిలిన నీటి ఉపరితలం లోపలికి వంగి, వెనకున్న నీటిని లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ లాగుడు ఆకు నుంచి వేరు కొస దాకా, అక్కణ్నుంచి మట్టిలోకి అందుతుంది. బావిలో బొక్కెన చేదుతున్నట్టే, కాకపోతే చేంతాడు కూడా నీళ్లే. 1894లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ ఈ మాట అన్నప్పుడు చాలామంది నమ్మలేదు.

పంపుమెకానిక్ · ఆదివారం, ఉదయం 9:55

నేనూ నమ్మను. సక్షన్ అంటే శూన్యం దాకానే. సున్నా కన్నా తక్కువ ఒత్తిడి ఏమిటండీ? ఖాళీ జేబులోంచి పది రూపాయలు తీసినట్టుంది.

పాతలెక్చరర్ · ఆదివారం, ఉదయం 11:10

గాలికైతే మీ మాట నిజం. గాలి అణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు, కాబట్టి గాలిని లాగలేం. ద్రవం అలా కాదు. బుడగ పుట్టనంత కాలం దాన్ని తాడులా సాగదీయొచ్చు. మీ పైపులో అది జరగదు, ఎందుకంటే అందులో గాలి బుడగలు, గరుకులు ఎప్పుడూ ఉంటాయి. దారునాళం పుట్టినప్పటి నుంచే నీళ్లతో నిండి ఉంటుంది. గోడలు తడిని పట్టుకునేవి, గొట్టం సన్నం.

నమ్మకం కుదరాలంటే కొలత కావాలి కదా. 1965లో షోలాండర్ బృందం ఒక ఉక్కు డబ్బా వాడింది. కొమ్మని డబ్బాలో పెట్టి, కోసిన కొస మాత్రం బయటికి వచ్చేలా బిగిస్తారు. కోయగానే రసం బయటికి చిమ్మదు, లోపలికి వెనక్కిపోతుంది. అది సాగి ఉందనడానికి అదే మొదటి సాక్ష్యం. తర్వాత డబ్బాలోకి గ్యాసు ఎక్కిస్తూ పోతే ఒక ఒత్తిడి దగ్గర రసం మళ్లీ కొసకి వచ్చి మెరుస్తుంది. తెగకముందు ఎంత లాగుడు ఉందో ఆ అంకె చెప్తుంది. ఉప్పునీటిలో పెరిగే మడ చెట్లలో అది వాతావరణ పీడనానికి పదుల రెట్లు వచ్చింది. మీ 115 మీటర్ల చెట్టుకి బరువు మొయ్యడానికే 11 రెట్లకి పైగా కావాలి, రాపిడి కలిపితే 20 దాకా. సరిపోతుంది.

ఇంకో సంగతి. సున్నితమైన కొలమానం కడితే చెట్టు మాను పగలు కాస్త సన్నబడి రాత్రి మళ్లీ లావెక్కుతుంది. కిందినుంచి తోస్తే పగలు ఉబ్బాలి గాని సన్నబడదు.

కుండీలక్క · ఆదివారం, ఉదయం 11:25

అందుకేనా పూల కాడలని నీళ్లలో ముంచి పట్టుకుని కోయమంటారు! గాలిలో కోస్తే కోసిన చోట గాలి లోపలికి పోతుందన్నమాట.

పాతలెక్చరర్ · ఆదివారం, ఉదయం 11:27

అదే.

సైన్సుపిచ్చి · ఆదివారం, మధ్యాహ్నం 1:00

జగదీశ్ చంద్ర బోస్ వేరేలా చెప్పారు కదా? మొక్కలోని బతికున్న కణాలు గుండెలా కొట్టుకుంటూ రసాన్ని పైకి తోస్తాయని. ఆయన్ని పక్కన పెట్టేశారా?

పాతలెక్చరర్ · ఆదివారం, మధ్యాహ్నం 2:20

1923లో ఆయన దాని మీద ఒక పుస్తకమే రాశారు. నాకు బోస్ అంటే అపారమైన గౌరవం, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన పక్షాన నిలబడలేను. అంతకుముందే 1890ల్లో జర్మనీలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ ఎత్తైన చెట్లని మొదలు దగ్గర కోసి విషద్రావణంలో నిలబెట్టాడు. విషం దారి పొడుగునా కాండంలోని కణాలని చంపుకుంటూ పైకి పోయింది, ద్రావణం ఎక్కడం మాత్రం ఆగలేదు. ఆకులు చచ్చాకే ఆగింది. దారిలో గుండె అక్కర్లేదని తేలిపోయింది. మొక్కల్లో విద్యుత్ సంకేతాలు ప్రయాణిస్తాయని బోస్ చెప్పిన మాట మాత్రం నిలిచింది.

నిర్వాహకుడు · ఆదివారం, మధ్యాహ్నం 3:05

బోస్ గారి గురించి వచ్చిన మరో పద్నాలుగు పోస్టులని వేరే చర్చకి మార్చాను. ఇక్కడ కాండం, వేరు, ఆకు వరకే.

పంపుమెకానిక్ · ఆదివారం, రాత్రి 8:30

ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఊరికే ఒప్పుకోలేదు, కరెంటు లెక్క వేసి మరీ ఒప్పుకున్నాను. లీటరు నీళ్లని 100 మీటర్లు ఎత్తడానికి 980 జౌళ్లు కావాలి. అదే లీటరుని ఆవిరి చేయడానికి 24 లక్షల జౌళ్లు. ఆవిరి ఖర్చంతా ఎండ భరిస్తోంది. అందులో రెండు వేలవ వంతు కూడా కాని ఖర్చుతో ఎత్తుడు పని అయిపోతోంది. మోటారు ఎక్కడ, ఎక్కడ అని వెతికాను, నెత్తిమీదే ఉంది.

ఇంకో ప్రశ్న. అంత లాగితే గొట్టం లోపలికి నొక్కుకుపోవాలి కదా? మేం సక్షన్ పైపుకి స్ప్రింగు చుట్టు ఉన్న పైపే వాడతాం, మామూలు పైపు వేస్తే చప్పిడైపోతుంది.

రేపే_పరీక్ష · ఆదివారం, రాత్రి 8:41

అన్నా!!! మా పుస్తకంలో దారునాళం బొమ్మలో లోపల ఉంగరాలు, స్ప్రింగులు గీసి ఉంటాయి. లిగ్నిన్ (గోడని గట్టిపరిచే పదార్థం) మందాలు అని బట్టీ పట్టాను, ఎందుకో ఇవాళ తెలిసింది. లేత కాండంలో స్ప్రింగులాంటివి ఉంటాయి, పొడవు సాగినా తెగకుండా. ముదిరిన చోట గోడంతా మందమే.

చిత్రికబల్ల · ఆదివారం, రాత్రి 9:30

ఆ గొట్టాలు కంటితో చూడాలనుకునేవాళ్లకి: టేకు ముక్కని అడ్డంగా కోసి, మొనని పదునైన ఉలితో నున్నగా చెక్కండి. వలయాల వెంబడి సూదితో పొడిచినట్టు రంధ్రాలు కనిపిస్తాయి. ఇంకా సరదా కావాలంటే జానెడు పేము ముక్క తీసుకుని ఒక కొస సబ్బునీళ్లలో ముంచి రెండో కొస నుంచి ఊదండి. నురగ వస్తుంది. మా పిల్లలకి చూపిస్తే రోజంతా అదే పని.

పంపుమెకానిక్ · ఆదివారం, రాత్రి 9:50

గొట్టం వ్యాసం రెట్టింపైతే పారుదల 16 రెట్లవుతుంది. మరి చెట్లన్నీ లావు గొట్టాలే పెట్టుకోవచ్చుగా?

పాతలెక్చరర్ · ఆదివారం, రాత్రి 10:20

లావు గొట్టం జోరుగా పారుతుంది గాని, బుడగ పుట్టి తెగే ప్రమాదం దానికే ఎక్కువ, ముఖ్యంగా నీరు గడ్డకట్టే చలిలో. పైన్ లాంటి చెట్లకి నాళాలే లేవు, రెండు కొనలూ మూసుకున్న సన్నటి దారుకణాలే ఉన్నాయి. నెమ్మది, కానీ క్షేమం. గోడల్లో సన్నటి పొరతో మూసిన గుంటలుంటాయి. నీళ్లు పక్క గొట్టంలోకి దాటతాయి, బుడగ మాత్రం ఆ పొర రంధ్రాల దగ్గర ఇరుక్కుపోతుంది. ఒక గొట్టం తెగితే నీళ్లు పక్కదాంట్లోంచి పోతాయి.

తెగినప్పుడు చప్పుడవుతుంది తెలుసా? 1966లో మిల్‌బర్న్, జాన్సన్ వాడుతున్న ఆముదం ఆకుకి మైకు తగిలించి ఆ టిక్కు టిక్కులు విన్నారు. 2023లో టెల్ అవీవ్ పరిశోధకులు నీళ్లు లేని టమాటా, పొగాకు మొక్కల నుంచి గంటకి 30 నుంచి 50 దాకా చప్పుళ్లని కొంత దూరం నుంచే రికార్డు చేశారు. వాటికీ కారణం ఈ బుడగలే కావచ్చన్నది వాళ్ల ఊహ. మన చెవికి అందని ధ్వనులు అవి.

పంపుమెకానిక్ · ఆదివారం, రాత్రి 10:31

క్యావిటేషన్! మా పంపులో వస్తే లోపల గులకరాళ్లు వేసినట్టు మోగుతుంది. చెట్టుకీ ఇదే రోగమా.

రేపే_పరీక్ష · సోమవారం, ఉదయం 6:15

మాస్టారూ, ఇవాళే పరీక్ష, ఫుల్ టెన్షన్. మృదుకణజాలం, స్థూలకోణ కణజాలం, దృఢకణజాలం కలిసిపోతున్నాయి. ఒక్క ముక్కలో చెప్పండి.

పాతలెక్చరర్ · సోమవారం, ఉదయం 6:25

మొదటిది పలచని గోడ, బతికి ఉంటుంది, నిల్వ పనీ ఆహారం తయారీ పనీ దానిదే. రెండోది మూలల్లో మందం, అదీ బతికే ఉంటుంది. లేత కాడ గాలికి వంగి విరగకుండా లేస్తుందే, దాని వల్ల. మూడోది చచ్చి గట్టిపడ్డది. గోనెసంచి చూశావుగా, ఆ జనపనార అదే. ఇంకా చెప్పాలంటే అది పోషక కణజాలంలోని నార, అందుకే దాన్ని బెరడు నుంచి తీస్తారు. ఇక వెళ్లి ఏదైనా తిని బయల్దేరు.

చిగురుటాకు · సోమవారం, ఉదయం 9:00

మాస్టారూ, "కిందికి తెస్తుంది" దగ్గర పేచీ ఉందన్నారు, మర్చిపోయారు. ఇంకోటి, మా చెట్టు చిగుళ్లకి పేనుబంక పట్టింది. ఆకులన్నీ జిగట, చీమలు బారులు కట్టాయి. తీగ వల్లేనా?

పాతలెక్చరర్ · సోమవారం, ఉదయం 11:45

పేనుబంక తీగ లేని చెట్టుకీ పడుతుంది. కానీ మంచి సమయానికి తెచ్చారు. ఆహారం ఎలా పారుతుందో చెప్పింది ఆ పురుగే.

పోషక కణజాలంలో చాలనీ నాళాలుంటాయి. జల్లెడలాంటి అడ్డుగోడలున్న కణాల వరుస అది. దారునాళం చచ్చాకే పనిచేస్తుంది, చాలనీ నాళం బతికుండాలి. బతికుంటుంది గాని కేంద్రకం ఉండదు, దాని బాగోగులు పక్కనుండే సహకణం చూసుకుంటుంది. ఆకు దగ్గర చక్కెర ఇందులోకి నిండుతుంది. చక్కెర చేరితే పక్కనున్న దారువు నుంచి నీళ్లు దూరతాయి, ఒత్తిడి పెరుగుతుంది. చక్కెర వాడుకునే చోట ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ నుంచి తక్కువకి పారుతుంది. 1930లో ఎర్నెస్ట్ ముంచ్ పుస్తకంలో వివరించింది ఇదే. అంటే దారువుది లాగుడు, దీనిది తోపుడు. వేగం సుమారుగా గంటకి ఒక మీటరు.

పేనుబంక తన సూదిలాంటి మూతిని సరిగ్గా ఒకే ఒక్క చాలనీ నాళంలో దింపుతుంది. పీల్చే శ్రమ పెద్దగా ఉండదు. లోపలి ఒత్తిడి కారు టైరుకి నాలుగైదు రెట్లు ఉండొచ్చు, రసం దానంతట అదే దాని పొట్టలోకి వస్తుంది. పట్టనిది వెనకనుంచి కారుతుంది, మీ ఆకుల జిగట అదే. శాస్త్రవేత్తలు పురుగుకి మత్తిచ్చి, మూతి మాత్రం మొక్కలో ఉండేలా కత్తిరించారు. గంటల తరబడి స్వచ్ఛమైన తియ్యటి రసం ఆ మూతి లోంచి బొట్లు బొట్లుగా కారింది. మనం సూది గుచ్చితే నాళం వెంటనే తనను తాను మూసుకుంటుంది, ఈ పురుగు గుచ్చినప్పుడు చాలాసార్లు మూసుకోదు.

ఇక పేచీ. ఈ పారుదల కిందికే అన్న నియమం లేదు. ఆకు నుంచి పైనున్న మొగ్గకి పైకి పోతుంది, వేరుకి కిందికి పోతుంది. ఆకులన్నీ రాలిన చెట్టు చిగురించేటప్పుడు వేరూ మానూ దాచుకున్నది పైకే రావాలి. చక్కెర తయారయ్యే చోటు, ఖర్చయ్యే చోటు, ఆ రెంటి మధ్యే దారి.

సైన్సుపిచ్చి · సోమవారం, మధ్యాహ్నం 12:10

కొబ్బరిచెట్టుకి తీగ కడితే?

పాతలెక్చరర్ · సోమవారం, మధ్యాహ్నం 12:30

ఇలా ఉబ్బదు. దానికి కేంబియం లేదు, నాళాల కట్టలు కాండమంతటా చెదురుగా ఉంటాయి. పైపైన గాటు పడితే లోపలి కట్టలు పనిచేస్తూనే ఉంటాయి. కాకపోతే పడిన గాటు ఎన్నటికీ పూడదు.

చిగురుటాకు · నాలుగు నెలల తర్వాత

పాత చర్చని పైకి తెస్తున్నందుకు క్షమించాలి. చెట్టు బతికింది. తీగ గాడికి కింద, ఎప్పుడూ కొమ్మ లేనిచోట, అయిదు చిగుళ్లు పొడుచుకొచ్చాయి. తుంచేద్దామని చెయ్యి పెట్టి, ముందు మిమ్మల్ని అడుగుదామని ఆగాను.

పాతలెక్చరర్ · అదే రోజు

ఆగినందుకు సంతోషం. తుంచకండి. పైనుంచి వచ్చే హార్మోన్ ఆ మూడు వేళ్ల సందులోంచి చాలినంత రావడం లేదు, అందుకే కింద నిద్రపోతున్న మొగ్గలు లేచాయి. వాటి ఆకులు చేసే ఆహారం గాడి దాటక్కర్లేకుండా నేరుగా వేరుకి పోతుంది. రెండేళ్లు ఉంచండి. గాడి పూడాక తీసేయొచ్చు.

రేపే_పరీక్ష · అదే రోజు

జనపనార ప్రశ్న వచ్చింది మాస్టారూ!! రెండు మార్కులు.

చిగురుటాకు · మర్నాడు

మళ్లీ కొలిచాను. పైన 22.4, కింద 17.6. అంటే కింద కూడా లావెక్కడం మొదలైంది, పైదానికన్నా కాస్త ఎక్కువే. రాని తీగ ముక్క ఇప్పుడు అసలు కనిపించడం లేదు, బెరడు కప్పేసింది.

చిత్రికబల్ల · మర్నాడు

అది అక్కడే ఉంటుందండీ. ఎన్నాళ్లకో ఎవరో ఆ మాను కోస్తే రంపం పళ్లు విరుగుతాయి. ఆ తమ్ముడు మొదట్లోనే చెప్పాడుగా, ఎత్తు మారదని. నేల నుంచి ఎంత ఎత్తో కొలిచి ఎక్కడైనా రాసి పెట్టండి.

చిగురుటాకు · మర్నాడు

62 సెంటీమీటర్లు. ఉత్తరం వైపు.